పిండి ఆమెది, చెయ్యి నాది: నెల్లూరు రొట్టెల పండుగలో ఒక పెనం కొట్టు

రొట్టె ఒక్కటి పదిహేను రూపాయలు. అదీ మనమే ఒత్తుకుని, మనమే కాల్చుకుంటే. అదే కొట్టులో వాళ్ళు చేసి దొంతర పెట్టినవి పది రూపాయలే. "ఇదేం లెక్కమ్మా, కష్టం నాదైతే రేటు ఎక్కువేంటి?" అని అడిగాను. "నువ్వు చేస్తే నా పెనం గంట సేపు నీకే ఉండిపోతది నాయనా. నా కోడలు చేస్తే పది నిమిషాల్లో ఖాళీ" అంది ఆమె. ఒంగోలులో మోటారు వైండింగ్ షాపు పెట్టుకుని ఇరవై ఏడేళ్ళుగా బతుకుతున్నాను. పని వచ్చినవాడి టైముకి రేటు కట్టడం తెలుసు గానీ, పని రానివాడు తినేసే టైముకి కూడా కట్టొచ్చని నాకు ఇంతవరకూ తోచలేదు. మారుమాట్లాడకుండా డబ్బు తీసిచ్చాను.

ఈ రాసేది ఆ కొట్టు గురించి. దానికి బోర్డు లేదు, పేరు లేదు. నెల్లూరు దర్గామిట్టలో బారాషహీద్ దర్గాకి నడిచే దారిలో, నీలం పట్టా కింద, మూడు పెనాలు, రెండు పీటలు, ఒక గ్యాసు బండ. నడిపేది ఒక పెద్దావిడ, ఆమె కోడలు. పండుగ ఐదు రోజులే ఉంటుందట, తర్వాత ఆ చోట ఏమీ ఉండదు. కాబట్టి ఈ రివ్యూ చదివి ఎవరైనా వెతుక్కుంటూ పోతే దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. అయినా రాస్తున్నాను. మంచి సర్వీసు దొరికినప్పుడు నోరు మూసుకుని, చెడ్డది దొరికినప్పుడు మాత్రం ఊరంతా చాటడం న్యాయం కాదు.

మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే వీరమరణం పొందినవాడు. పన్నెండు మంది సమాధులున్న దర్గా అది, స్వర్ణాల చెరువు గట్టున ఉంటుంది. కొడవలూరు దగ్గర గండవరంలో యుద్ధం జరిగిందని, వాళ్ళ తలలు అక్కడే పడిపోతే మొండేల్ని గుర్రాలు ఈ చెరువు దాకా మోసుకొచ్చాయని చెబుతారు. రొట్టె సంగతి తర్వాత వచ్చింది. చెరువులో బట్టలుతికే దంపతులు ఒక రాత్రి ఇక్కడే పడుకుంటే ఆ షహీదులు కలలోకి వచ్చారట. ఆర్కాటు నవాబు భార్య జబ్బుతో ఉందని, తమ సమాధుల దగ్గరి మట్టి తీసుకెళ్ళి ఆమె నుదుటికి రాయమని చెప్పారట. రాస్తే నయమైంది. నవాబు భార్యతో సహా ఇక్కడికొచ్చి మొక్కు తీర్చుకుని, వెంట తెచ్చుకున్న రొట్టెల్ని చెరువు దగ్గర పంచుకున్నాడని కథ. కొట్టు నడిపే పెద్దావిడ కూడా ఇదే చెప్పింది, కాకపోతే ఆమె చెప్పినప్పుడు నవాబు కంటే ఆ చాకలి దంపతులకే ఎక్కువ చోటు దొరికింది.

పద్ధతి చాలా సులువు. కోరిక ఉన్నవాళ్ళు ఆ కోరిక రొట్టె తీసుకుని తింటారు. తీరినవాళ్ళు మళ్ళీ ఏడు వచ్చి అదే పేరు మీద రొట్టె ఇస్తారు. ఆరోగ్య రొట్టె, విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె. రొట్టె అన్నిటికీ అదే గోధుమపిండి. పేరు మారేది ఇచ్చేవాళ్ళ నోట్లోనే.

పండుగ మొహర్రం నెలలో వస్తుంది. చాంద్రమాన లెక్క కాబట్టి ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. 2024లో జూలై 17 నుంచి 21 దాకా, 2025లో జూలై 6 నుంచి 10 దాకా జరిగింది. మొదటి రోజు సమాధుల్ని శుభ్రం చేసే సందల్ మాలి, రెండో రోజు రాత్రి గంధ మహోత్సవం, మూడో రోజు రొట్టెల పండుగ, నాలుగో రోజు తహలీల్ ఫాతెహా అనే ప్రార్థన, ఐదో రోజు ముగింపు. రొట్టె ఇవ్వడం తీసుకోవడం ఐదు రోజులూ నడుస్తుంది గానీ మూడో రోజుకే జనం విరగబడతారు. దీన్ని రాష్ట్ర పండుగ కూడా చేశారు.

ఇక నా గొడవ. మా అమ్మాయికి పెళ్ళయి ఆరేళ్ళు. 2024లో మా ఆవిడ దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, కావలి నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర సంతాన రొట్టె ఇప్పించింది. నేను కూడా పోయాను, కానీ గట్టు మీద చెప్పులకు కాపలా. అమ్మాయి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కొంగు తల మీద కప్పుకుని, ఆ రొట్టె మొత్తం తినేసింది. చిన్నప్పుడు చపాతీ పెడితే మధ్యది తిని అంచులు వదిలేసేది. ఆ రోజు ఒక్క ముక్క వదల్లేదు. నేను గట్టు మీంచి చూశాను.

2025 మేలో మనవరాలు పుట్టింది. డాక్టరు అక్కడే అని పురుడు హైదరాబాద్‌లోనే పోశారు, మా ఆవిడ అక్కడే ఉండిపోయింది. ఇచ్చే ఏడు వచ్చేసరికి మొక్కు నా నెత్తిన పడింది. పదకొండు రొట్టెలిస్తానని ఆవిడ మొక్కుకుందట. నాకు చెప్పింది జూలై 7 రాత్రి, ఫోనులో.

రొట్టెలు మా అక్క చేసింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి పెనం మీంచి తీసినవి తీసినట్టే వేడివేడిగా పాలిథిన్ కవర్లో పెట్టి, మూతి బిగించి కట్టి ఇచ్చింది. మెత్తగా ఉంటాయిరా అంది. తెల్లవారి రైలెక్కి, నెల్లూరులో దిగి, దర్గా దగ్గర నీడ చూసుకుని విప్పేసరికి కవరు లోపలంతా నీటి బొట్లు. పదకొండు రొట్టెలు కలిసి ఒక్క ముద్ద అయ్యాయి. పైనుంచి పుల్లటి వాసన. జూలై ఎండకి అది వింతేం కాదు. ఎవరైనా ఇంటి నుంచి తీసుకెళ్ళేటట్టయితే పూర్తిగా చల్లారనిచ్చి, నూలు గుడ్డలో చుట్టి, గాలి తగిలే డబ్బాలో పెట్టుకోండి. పాలిథిన్ వద్దు. మా అక్కకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

దారి పొడుగునా రొట్టెల కొట్లే కాబట్టి కొనుక్కోవచ్చు. చాలామంది కొంటున్నారు కూడా. దూరం నుంచి వచ్చేవాళ్ళు రెండు రోజుల ప్రయాణంలో రొట్టె ఎలా మోస్తారు, కొనుక్కోవడమే దారి. అందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం. పక్కన పూలమ్మే ముసలాయన్ని అడిగితే ఆయనా అదే అన్నాడు. కానీ మా ఆవిడకి ఫోన్ చేశాను, అదే నేను చేసిన పొరపాటు. "కొన్న రొట్టె ఇస్తే మొక్కు కూడా కొన్నట్టే. ఇంట్లో చేసిందే ఇవ్వాలి" అంది. ఇల్లు ఒంగోలులో ఉంది, నేను నెల్లూరులో ఉన్నాను అంటే, "అయితే మీరే చెయ్యండి" అని పెట్టేసింది.

అప్పుడు కనపడింది ఆ నీలం పట్టా. ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్ళుంటాయి, పీట ముందు గొంతుక్కూర్చుని తానే రొట్టె ఒత్తుకుంటున్నాడు. పక్కన వాళ్ళమ్మ నిలబడి తప్పులు పడుతోంది. ఇక్కడ ఎవరి రొట్టెలు వాళ్ళు చేసుకోవచ్చా అని అడిగాను. చేసుకోవచ్చు, పిండి మాది, పెనం మాది, చెయ్యి మీది అన్నారు. రేటు సంగతి మొదట్లోనే చెప్పాను.

ముందు చేతులూ కాళ్ళూ కడుక్కోమంది పెద్దావిడ. ఒక బకెట్టు, చెంబు, సబ్బు ముక్క అక్కడే ఉన్నాయి. తలకి రుమాలు కట్టుకోమంది. తర్వాత నలభై నిమిషాలు కూర్చోబెట్టింది, ఎందుకంటే సొంతంగా చేసుకునేవాళ్ళకి ఇచ్చింది ఒక్కటే పెనం, నా ముందు ముగ్గురున్నారు. కూర్చోవడానికి స్టూలు లాంటిది కూడా లేదు, ఇటుకలే. ఇక్కడ ఒక మార్కు కోత.

పిండి బాగుంది. అది మాత్రం ఒప్పుకోవాలి. పెద్ద సత్తు గిన్నెలో కలిపి, తడిగుడ్డ కప్పి, నీడలో పెట్టారు. వేలితో నొక్కితే లోపలికి దిగి నెమ్మదిగా పైకొస్తోంది. కొంచెం ఉప్పు, కొంచెం నూనె, గోరువెచ్చని నీళ్ళు, అంతే అంది కోడలు. ఎండాకాలం లాంటి వేడిలో రెండు గంటలకి మించి కలిపి ఉంచరట, కొద్దికొద్దిగా కలుపుకుంటూ పోతారు. నేను కూర్చున్న ఆ గంటన్నరలో మూడుసార్లు కలపడం చూశాను. పక్క కొట్లలో ఒకచోట గంగాళం నిండా కలిపి మూత కూడా లేకుండా వదిలేశారు.

మొదటి ఉండ ఒత్తాను. చేతులకి బలం ఉంది కదా అని కర్ర మీద బరువంతా వేశాను. మధ్యలో చిరిగింది. రెండోది పీటకి అంటుకుపోయింది. మూడోది వచ్చింది, కానీ ఒకపక్క రేకులా పల్చగా, ఒకపక్క దిబ్బరొట్టెలా మందంగా. పెనం మీద పల్చటి వైపు మాడిపోయింది, మందం వైపు పచ్చిగానే ఉండిపోయింది. ఇటుక మీద నా తర్వాత కూర్చున్న చీరాల ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. "అన్నా, కర్రని తొయ్యబాకు. కర్రని ఊరికే దొర్లించు. రొట్టె దానంతటది తిరగాల" అంది. ఒక ఉండ తీసుకుని, పొడిపిండిలో రెండువైపులా అద్ది, కర్రని అంచు దగ్గర పెట్టి, మధ్యకి రానివ్వకుండా ఒక్క పక్కే నొక్కుతూ పోయింది. నొక్కిన ప్రతిసారీ రొట్టె కొంచెం కొంచెం గడియారంలా తిరుగుతోంది. ఆమె చెయ్యి దాన్ని తాకనే లేదు. మోటారు కాయిల్ చుట్టేటప్పుడు నేను కుర్రాళ్ళకి చెప్పేది కూడా ఇదే. తీగని లాగొద్దురా, చక్రాన్ని తిరగనివ్వు, తీగ దానంతటది పడుతుంది అని. ఇరవై రెండు గేజీ తీగని బలంగా లాగితే సాగుతుంది, సాగితే ఇన్సులేషన్ చిట్లుతుంది, ఆర్నెల్లలో మోటారు మళ్ళీ కాలి షాపుకొస్తుంది. అదే మాట ఒకమ్మాయి నాకు పిండి మీద చెబితే అర్థం కావడానికి మూడు రొట్టెలు పట్టింది.

నాలుగోది నుంచి కాస్త దారికొచ్చాయి. గుండ్రంగా అన్నది మాత్రం రాలేదు. ఒకటి మామిడికాయ, ఒకటి చెవి, ఒకటి అచ్చం మా పాత ప్రకాశం జిల్లా. కానీ మందం సమానంగా వచ్చింది. పెనం మీద వేసి చిన్న చిన్న బుడగలు రాగానే తిప్పమంది, తిప్పాక గుడ్డ ముడితో అంచులు నొక్కమంది. నొక్కగానే ఆరోది పూర్తిగా పొంగింది. నేను చేసిన రొట్టె పూరీలా పొంగింది! చీరాల ఆయన కూడా "పర్లేదే" అన్నాడు. ఆయన మీద కోపం అప్పుడు పోయింది.

పాడైన మూడింటికి డబ్బు తీసుకోలేదు. కానీ పారెయ్యనివ్వలేదు. "రొట్టెని పారేస్తారా?" అని పెద్దావిడ ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టి, నాతోనే తినిపించింది. పచ్చి పక్క తుంచి మళ్ళీ పెనం మీద వేసి ఇచ్చింది. ఉత్త గోధుమరొట్టె, బెల్లం, పొద్దుట్నుంచీ ఏమీ తినని కడుపు. రుచికి మార్కులు ఇక్కడ వెయ్యకూడదు, ఆకలికే పోతాయి. వాళ్ళు చేసి అమ్మే పది రూపాయల రొట్టె కూడా ఒకటి కొని తిన్నాను, పోల్చి చూద్దామని. పల్చగా, గుండ్రంగా, చూడముచ్చటగా ఉంది. కానీ చేసి గంట దాటిందేమో, అంచులు బిరుసెక్కాయి. వేడి మీద తీసుకుంటేనే కొనండి.

వంకలు ఇంకా ఉన్నాయి. రెండు పీటల్లో ఒకటి ఊగుతుంది, ఆ పీట మనకే ఇస్తారు. ఫోన్‌పే స్టిక్కర్ ఉంది, కానీ ఆ జనంలో సిగ్నల్ లేక డబ్బు తిరుగుతూనే ఉంటుంది, చిల్లర పట్టుకెళ్ళండి. తెలిసినవాళ్ళెవరో వస్తే వరస తప్పించి వాళ్ళని ముందు కూర్చోబెట్టింది పెద్దావిడ. అడిగితే "వాళ్ళు ఆత్మకూరు నుంచి వచ్చినారు నాయనా" అంది. నేను ఒంగోలు నుంచి వచ్చాను, అది ఆత్మకూరు కంటే దూరం. ఈ మాట నేను అనలేదు. ఆమె ముందు అనాలనిపించలేదు.

డబ్బా సంగతి చెప్పాలి. రొట్టెలు పెట్టుకోవడానికి మూతకి చిల్లులున్న స్టీలు డబ్బా, లోపల పాత పంచె గుడ్డ. వంద రూపాయలు డిపాజిట్, తిరిగిచ్చినప్పుడు వంద వెనక్కి. అద్దె లేదు. ఇలాంటి ఆలోచన పక్క కొట్లలో ఎవరికీ రాలేదు, అందరూ పాలిథిన్ కవర్లే. నా పొద్దుటి అనుభవం తర్వాత ఆ చిల్లుల మూతని చూస్తే ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

డబ్బా పట్టుకుని చెరువుకి పోయాను. మెట్ల దగ్గర ఏ రొట్టె ఎక్కడ అని బోర్డులు పెట్టారు, చదువుకున్నవాళ్ళకి హాయి. గట్టు మీద స్నానానికి షవర్లు ఉన్నాయి. నీళ్ళలో బొట్టున్న మొహాలూ, బురఖాలూ, తిరుపతి గుండ్లూ అన్నీ పక్కపక్కనే. అందరి తలల మీదా గుడ్డ. కేకలే కేకలు. "ఆరోగ్య రొట్టె, ఆరోగ్య రొట్టె!" "అమ్మా, ఇంటి రొట్టె ఉందా?" రైతుబజార్లో కేకలకీ వీటికీ తేడా ఏమిటంటే ఇక్కడ ఇచ్చేవాడే బతిమాలుతున్నాడు. తీసుకునేవాళ్ళు మాత్రం ఎవరి చేతి రొట్టె తీసుకోవాలా అని మొహాలు చూసుకుంటూ నడుస్తున్నారు. అక్కడ నాకు టెన్షన్ మొదలైంది. నా పక్కన నిలబడ్డ గూడూరు ఆవిడ పళ్ళెంలో రొట్టెలు చందమామల్లా ఉన్నాయి. నా డబ్బాలో ప్రకాశం జిల్లా.

మొదట వచ్చింది ఇంజనీరింగు చదివిన కుర్రాడు. ఉద్యోగ రొట్టె ఉందా అంకుల్ అన్నాడు. లేదు నాన్నా, నాది సంతాన రొట్టె అన్నాను. పర్లేదు ఇవ్వండి అన్నాడు. ఒక్క క్షణం ఇచ్చేద్దామనిపించింది, బోణీ అవుతుందని. పక్కావిడ కసిరింది. "ఏ మొక్కుకి ఆ రొట్టే" అని, ఆ కుర్రాణ్ణి తనే చెయ్యి పట్టి ఉద్యోగ రొట్టె బోర్డు వైపు పంపింది. బోణీ ఆలస్యమైనా మంచిదే అయింది. మా ఆవిడ తెలిస్తే చంపేసేది.

తర్వాత ఒక జంట. ఆమె గట్టిగా ముప్పై ఉండదు. అతను డబ్బాలోకి తొంగి చూసి నవ్వాడు. "ఇదేం షేపన్నా, ఎవరు చేశారు?" అన్నాడు. నేనే అన్నాను. ఆమె నవ్వలేదు. "మీకెవరు పుట్టారు?" అని అడిగింది. మనవరాలు, రెండు నెలలది అన్నాను. "ఎన్నేళ్ళకి?" ఆరేళ్ళకి అన్నాను. ఆమె కొంగు సర్దుకుని, దర్గా వైపు తిరిగి, రెండు చేతులూ చాపింది. మామిడికాయ షేపుది ఇచ్చాను. అందులో బాగా వచ్చింది అదే. అతను కూడా నవ్వు ఆపేసి రుమాలు తల మీద వేసుకున్నాడు. ఇద్దరూ అక్కడే, నా ఎదుటే, చెరి సగం తిన్నారు. ఎవరికి పెద్ద ముక్క వచ్చిందో అతను చూసుకుని, తన ముక్కలోంచి ఇంకొంచెం తుంచి ఆమెకి పెట్టాడు.

ఆ తర్వాత పదీ ఎప్పుడయిపోయాయో తెలీదు. గూడూరు ఆవిడ పళ్ళెంలో ఇంకా నాలుగున్నాయి.

మిగతా తిండి గురించి త్వరగా చెప్పేస్తాను. దర్గా లోపలికి వెళ్ళి పూలు, చక్కెర ఇచ్చి ఫాతెహా చదివించుకుని బయటికొస్తే మజ్జిగ ఉచితంగా పోస్తున్నారు, రెండు గ్లాసులు తాగాను. పల్చనే, అయినా ఉప్పు సరిగ్గా పడింది. ఆ పక్కనే ఒక హోటల్లో బిరియానీ తిన్నాను, పేరెందుకులెండి. నూట ఎనభై రూపాయలు. అన్నం కింద ముక్క కోసం తవ్వకాలు జరిపితే ఒక ఎముక దొరికింది, అదీ ఎక్కడో చూసినట్టుంది. పండుగ రోజు రేటు అన్నారు. పండుగ రోజు మసాలా కూడా వెయ్యాలి కదా. ఒక్క మార్కు, అదీ నీళ్ళు చల్లగా ఉన్నందుకు. నెల్లూరు దాకా వచ్చి దర్గా దగ్గర బిరియానీ తినడం నా బుద్ధి తక్కువ. ఊళ్ళోకి పోయి ఏదో మెస్సులో చేపల పులుసు తిని ఉండాల్సింది. పులుసులో మామిడికాయ ముక్క పడే ఊరు ఇది.

గంధం నేను చూడలేదు, అది ముందు రోజు రాత్రి. కోటమిట్ట నుంచి పన్నెండు బిందెల్లో ఊరేగింపుగా తెస్తారు, ఆ రాత్రి ఉండగలిగితే ఉండండి. చాలామంది ఇక్కణ్ణుంచి కసుమూరు మస్తాన్‌వలి దర్గాకి కూడా పోతారు. చీరాల ఆయన పిలిచాడు, ఆటోలో చోటుందని. షాపులో రెండు మోటార్లు ఆగి ఉన్నాయని నేను పోలేదు.

డబ్బా తిరిగివ్వడానికి నీలం పట్టా దగ్గరికి పోయేసరికి మూడు దాటింది. కోడలు వంద కాగితం ఇచ్చి, డబ్బాలో గుడ్డ దులిపి చూసింది, పిండి తప్ప ఏమీ లేదు. "అన్నీ పోయినాయా?" అంది పెద్దావిడ. పోయాయమ్మా అన్నాను. "ఎవురన్నా వంక పెట్టినారా?" ఒకాయన నవ్వాడు అన్నాను. ఆమె అప్పటికే ఇంకెవరికో చేతులు కడుక్కోమని చెబుతోంది. ఈసారి బ్యాంకు ఉద్యోగిలా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, పీట ముందు ఎలా కూర్చోవాలో తెలియక ప్యాంటు పైకి లాక్కుంటున్నాడు. ఊగే పీట ఆయనకే ఇచ్చారు.

మొత్తం ఖర్చు నూట అరవై ఐదు, పైన నేను తిన్న పది రూపాయల రొట్టె. అయిదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఇటుకలకీ, ఆత్మకూరు వాళ్ళకీ.

స్టేషన్‌కి వచ్చే దారిలో మలై కాజా అరకిలో కట్టించుకున్నాను, మా అక్కకి. పదకొండు రొట్టెలు చేసింది కదా. రైలెక్కాక మా ఆవిడ ఫోన్ చేసింది. "ఇచ్చేశారా?" ఇచ్చేశాను. "పదకొండూ?" పదకొండూ. "మీరే చేశారా?" నేనే చేశాను. కాసేపు మాట్లాడలేదు. వెనకాల పిల్ల ఏడుపు వినపడుతోంది. తర్వాత, "ఒక్క ఫొటో అయినా తీశారా, ఎలా వచ్చాయో చూద్దును" అంది.

ఛార్జింగ్ లేదని చెప్పాను.